సగం దగ్గర ఆపాల్సినవి

భాగ్యలక్ష్మి ఇంట్లో దేవుడి ముందు ఏదీ సగం పెట్టరు. కుందిలో నూనె అంచు దాకా ఉండాలి. కలశంలో నీళ్లు మెడ దాకా ఉండాలి. పళ్లెంలో బియ్యం పోస్తే శిఖరం కట్టాలి. ఇదంతా ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. ఆమె తండ్రి ప్రొద్దుటూరు డిపోలో బస్సు డ్రైవరు. ఆయుధ పూజ నాడు ట్యాంకు నిండా డీజిలు పోయించకుండా బస్సు చేత నిమ్మకాయ తొక్కించేవాడు కాదు. "కడుపు నిండనిదానికి దండ ఏస్తే ఏం లాభం?" అనేవాడు. పెళ్లయి తార్నాక వచ్చి ఇన్నేళ్లయినా ఆమె మహర్నవమి ముందు రోజు భర్త చెన్నకేశవులును స్కూటరుతో సహా పెట్రోలు బంకుకు తరుముతుంది. ట్రెజరీ ఆఫీసులో ఎవరి మాటా వినని సూపరింటెండెంటని పేరున్న మనిషి, ఈ ఒక్క విషయంలో మాత్రం మారుమాట్లాడకుండా వెళ్లి ట్యాంకు నింపించుకొస్తాడు.

అందుకే ఆ ఏడాది దసరాకు కూతురి బ్యాటరీలు ఇంట్లో ఉండడం ఆమెకు అమ్మవారే పంపినట్టు అనిపించింది.

కూతురు తేజస్వి యూనివర్సిటీలో ఒక ప్రాజెక్టులో పనిచేస్తోంది. వికారాబాదు వైపు కంది చేల మీద డ్రోను ఎగరేసి, పైనుంచి ఫోటోలు తీసి, తెగులు ఎక్కడ మొదలైందో పసిగట్టే పని. ఉద్యోగం ఏడాదికొకసారి పొడిగించేది. ఈసారి పొడిగించాలంటే కంది పూత మీద ఉండగానే ఆ ఫోటోలు చేతికి రావాలని ప్రొఫెసరు పార్థసారథి ముందే చెప్పిపెట్టాడు. పూత ఎవరి కోసమూ ఆగదు. సెలవులు అయీ కాగానే ఎగరేయాలి.

ల్యాబేమో పై అంతస్తులో రేకుల కింద ఉంది. సెలవుల్లో కరెంటు ఆపేస్తారు. ఏసీ లేకపోతే ఆ గది రొట్టెల పొయ్యే. "బ్యాటరీలు ఇంటికి తీసుకెళ్లి చల్లగా పెట్టమ్మా, గేట్ పాసు సంగతి తర్వాత చూద్దాం" అని సారు నోటిమాటగా అన్నాడు. ల్యాబు అటెండరు సత్తయ్య సంచిని ఆటో దాకా మోసి పెట్టాడు. సత్తయ్య భాగ్యలక్ష్మికి తెలిసిన మనిషే. సీతాఫలాల కాలంలో ఊరికి వెళ్లొస్తే ఒక సంచి తార్నాకలో దించకుండా పోడు.

ఆ రోజు తేజస్వి ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూల వెతికింది. హాల్లో ఎండ పడని వైపు, బీరువా పక్కన, రేకు పెట్టె ఉంది. ఇటుక రంగు బట్ట సంచుల్లో ఒక్కో బ్యాటరీనీ విడిగా పెట్టి, పెట్టెలో సర్దింది.

"అమ్మా, ఇవి ముట్టుకోవద్దు. నేను వచ్చేదాకా ఇక్కడే ఉండాలి."

"ముట్టుకుంటే కరుస్తాయా?"

"కరుస్తాయి. ఇటు చూడు." తేజస్వి ఒకదాని మీద చిన్న బటను నొక్కింది. నాలుగు దీపాలు వెలిగే చోట రెండే వెలిగాయి. "ఇలా సగమే ఉండాలి."

"మిగతా సగం ఎప్పుడు నింపుతావు?"

"ఎగరేసే రోజు పొద్దున. నిండా చార్జి పెట్టి ఊరికే ఉంచితే లోపల చెడిపోతాయి. పూర్తిగా ఖాళీ చేసి పెట్టినా చస్తాయి. సగం దగ్గర ఆపి చల్లగా పెట్టాలి. వీటి సేవ అంతే."

"మనిషి మాదిరే. నిండా తిని పండుకున్నా కష్టమే, పస్తు పండుకున్నా కష్టమే."

"అదే. నాకంటే బాగా చెప్పావు. మర్చిపోకు."

భాగ్యలక్ష్మి మర్చిపోలేదు. ఆ తర్వాత జరిగినదంతా మతిమరుపు వల్ల జరిగి ఉంటే ఎంత బాగుండేదో అని ఆమె చాలాసార్లు అనుకుంది.

తేజస్వి మిగతా జట్టుతో కలిసి వికారాబాదు వెళ్లింది. డ్రోను ఎగరేసే ముందు, ఫోటోల్లో చోటు గుర్తుపట్టడానికి చేలల్లో తెల్ల పలకలు పాతాలి, రైతులతో మాట్లాడి పెట్టుకోవాలి. పండగకు రానని ఫోనులో చెప్పింది. ఇటు నవమి పొద్దున భాగ్యలక్ష్మి ఇల్లు కడిగి, కత్తిపీట, కుట్టుమిషను, భర్త స్కూటరు తాళం, రోకలి, అన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టింది. బీరువా పక్కనున్న పెట్టె ఆమె కళ్లలో పడుతూనే ఉంది. ఇంట్లో అన్నం పెట్టే ఆయుధం ఏదంటే ఈ ఏడు అదే. పిల్ల బతుకంతా దాని మీదే ఉంది. దాన్ని వదిలేసి కత్తిపీటకు హారతి ఇస్తే అమ్మవారు నవ్వదా?

పెట్టె తెరిచింది. బటను నొక్కింది. రెండు దీపాలు. ఆమె చేయి ఆగింది.

అమ్మవారి ముందు సగం పెట్టడమా?

చార్జరు సంచిలోనే ఉంది. కూతురు తగిలించడం ఎన్నోసార్లు చూసింది. ఒకదాని తర్వాత ఒకటి పెట్టసాగింది.

పేపరు చదువుతున్న చెన్నకేశవులు కళ్లద్దాల పైనుంచి చూశాడు. "పాప ముట్టుకోవద్దనింది కదా వాటిని?"

"పాడు చేస్తాండానా? పూజ చేస్తాండా."

"అది సగమే ఉండల్లని చెప్పినట్టు గుర్తు."

"ఈ ఒక్క పూట. కుందిలో నూనె నిండా పోస్తాం. తెల్లారేసరికి దానంతట అదే తగ్గదా? ఇదీ అంతే."

ఆయన పేపరు తిప్పాడు. నిజానికి ఆయనకూ తెలియదు. సూపరింటెండెంటుకు తెలియని విషయం ఉందని ఒప్పుకోవడం కంటే పేజీ తిప్పడం సులువు.

నాలుగు దీపాలూ వెలిగిన బ్యాటరీలను ఆమె వంటింటి గోడలోని దేవుడి గూట్లో వరుసగా పేర్చింది. పసుపు రాసింది, బొట్లు పెట్టింది, పక్కన అఖండ దీపం. ఆ గోడకు ఆనుకునే గ్యాసు పొయ్యి. కళ్లకు నిండుగా ఉంది. కూతురికి పొడిగింపు రావాలని, పెద్ద ఉద్యోగం రావాలని, మొక్కింది.

దశమి నాడు తీసి పెట్టెలో పెట్టేదే. కానీ శుక్రవారం వచ్చింది. శుక్రవారం పూజలో పెట్టినవి కదిలించరు. శనివారం తీయబోయి, పిల్ల చేతి పనిముట్లు పిల్ల చేతులతోనే తీయాలి కదా అనుకుంది. రోజూ దీపం పెడుతూనే ఉంది, పొయ్యి మీద పాలు పొంగుతూనే ఉన్నాయి.

తేజస్వి ఎర్రమట్టి కొట్టుకున్న బూట్లతో వచ్చిన సాయంత్రం తిన్నగా బీరువా పక్కకు వెళ్లింది. ఖాళీ పెట్టె మూత ఎత్తి చూసి, "ఎక్కడున్నాయి?" అంది.

"అమ్మవారి దగ్గర."

గూడు ముందు నిలబడిన కూతురిని భాగ్యలక్ష్మి వెనక నుంచి చూస్తోంది. తేజస్వి ఒకటి చేతిలోకి తీసుకుంది. పలకలా ఉండాల్సింది పొంగిన పూరీలా ఉంది. రెండోదీ అంతే. అన్నీ అంతే. ఒకదాని అతుకు విచ్చుకుని లోపలి వెండి రంగు సంచి కనిపిస్తోంది.

"ఎప్పుడు నింపావు?"

"నవమి నాడు."

తేజస్వి అరవలేదు. అరిచి ఉంటే తల్లికి ఏదో ఒక జవాబు దొరికేది. ఆ పిల్ల అన్నం తినే స్టీలు పళ్లెంలో వాటిని ఒక్కొక్కటే పెట్టుకుని, నీళ్ల కుండ మోసినట్టు జాగ్రత్తగా బాల్కనీకి తీసుకెళ్లి, కుండీల కోసం తెచ్చిన ఇసుకలో కూరింది. తర్వాత తడిగుడ్డ తెచ్చి ఒక్కోదాని మీది బొట్టు తుడవసాగింది. భాగ్యలక్ష్మి ముఖం తిప్పుకుంది.

"కొత్తవి కొనరా?" అని అడిగింది.

"కొంటారు. టెండరు పెట్టి, తెప్పించేసరికి కంది కోతకొస్తుంది."

"అయితే మరి?"

తేజస్వి గుడ్డ పిండుతూ నెమ్మదిగా చెప్పింది. పొద్దున వీటిని ఎవరూ చూడకముందే ల్యాబుకు చేరుస్తుంది. అక్కడే ఉన్నాయనీ, కరెంటు లేక వేడికి పోయాయనీ చెబుతుంది. అలా అయితే తప్పు ఎవరిదీ కాదు. పక్క డిపార్ట్‌మెంటులో ఇలాంటివే ఉన్నాయి, సారు అడిగితే నాలుగు రోజులకు ఇస్తారు. పూత రాలకముందే ఎగరేయవచ్చు.

"నువ్వు ఎవరితోనూ ఏమీ అనకు. చాలు."

"వేడికి పోయినాయంటే కిటికీలు ఎవరు మూసినారని అడగరా?"

"సత్తయ్యే కదా మూసేది. నాలుగు మాటలు పడతాడు. ఆయనకేం కొత్త కాదు."

ఆ మాట అనేసి తేజస్వి స్నానానికి వెళ్లింది. డైనింగు టేబులు మీద సత్తయ్య మొన్న ఇచ్చిపోయిన సీతాఫలాలు మాగి కళ్లు విచ్చుకుని ఉన్నాయి.

తెల్లవారి దీపం ముందు కూర్చుంటే భాగ్యలక్ష్మికి మంత్రం నోట్లో నిలవలేదు. తప్పు తనది. శిక్ష ఇంకొకడిది. ఆ ఇంకొకడు ఆటో దాకా సంచి మోసినవాడు. దీన్ని కడుపులో పెట్టుకుని రోజూ హారతి ఎత్తడం ఎలా? నిజం చెబితే దేవుడు ఒక దారి చూపిస్తాడని చిన్నప్పటి నుంచి విన్నది. చెప్పేది తన తప్పే గానీ పిల్ల తప్పు కాదు కదా. సారు కూడా దైవభక్తి ఉన్నవాడని తేజస్వే చాలాసార్లు చెప్పింది. పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుని, కూతురు వెళ్లిన కాసేపటికి ఆటో ఎక్కింది.

యూనివర్సిటీలో సెలవుల మత్తు ఇంకా వదల్లేదు. రోడ్డు మీద ఎండుటాకులు ఎవరూ ఊడ్వలేదు. మెట్ల దగ్గర సత్తయ్య టీ ఫ్లాస్కుతో ఎదురయ్యాడు.

"ఏందమ్మా, ఇంత దూరం వచ్చిన్రు? పాప టిఫిన్ మర్సిపోయిందా?"

"సారును చూడల్ల. ఏమన్నా అనలేదు కదా నిన్ను?"

"ఇయ్యాల అన్నడు. కిటికీలు తెరిసి పెట్టలేదని. నాకు సమజ్ గాలే అమ్మా. గవి మీ ఇంట్ల ఉండె కదా?" కాస్త నవ్వాడు. "పోనీ తీయిండ్రి. పాప ఏదో ఇబ్బందిల ఉన్నట్టున్నది. నేనేం మాట్లాడలే. సార్ తిట్లు మాకు పొద్దటి చాయ్ లెక్క, పడకుంటే తల నొస్తది."

ఆ నవ్వు చూశాక ఆమెకున్న కాస్త సందేహమూ పోయింది.

పార్థసారథి గదిలో తేజస్వి కుర్చీ అంచున కూర్చుని ఉంది. సారు ఫోను పెట్టేస్తూ, "సరే, గురువారం నుంచి వాళ్ల బ్యాటరీలు వాడుకోమన్నారు. అదృష్టవంతురాలివి" అంటున్నాడు. అంతలో తలుపులో తల్లిని చూసి తేజస్వి లేచి నిలబడింది. వద్దన్నట్టు తల ఊపింది. అది నమస్కారానికి సైగ అనుకుందో, చూసీ చూడనట్టు ఊరుకుందో, భాగ్యలక్ష్మికే తర్వాత స్పష్టంగా గుర్తు లేదు. లోపలికి వచ్చి చేతులు జోడించింది.

"సార్, నేను తేజస్వి వాళ్లమ్మను. ఆ బ్యాటరీలు ఎండకు పోలేదు సార్. మా ఇంట్లో ఉన్నాయి. పాప ముట్టుకోవద్దని చెప్పింది. నేనే ఆయుధ పూజకని నిండా చార్జి పెట్టి దేవుడి కాడ పెట్నా. తప్పంతా నాది. సత్తయ్యను ఏమీ అనొద్దండి."

పార్థసారథి నుదుట కూడా కుంకుమ ఉంది. చాలా మర్యాదగా కుర్చీ చూపించాడు.

"కూర్చోండమ్మా. మీలాంటి వాళ్లు ఉండబట్టే ఇంకా వానలు పడుతున్నాయి." తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కానీ మీరొక పని చేశారు. ఇప్పటిదాకా నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. తెలిశాక నేను తెలియనట్టు ఎలా ఉండను?"

"మీరే ఇంటికి తీసుకెళ్లమన్నారంట కదా సార్."

"నేనా?" ఆయన గొంతు పెరగలేదు. "చల్లటి చోట పెట్టమన్నాను. గేటు దాటించి మీ ఇంటికి తీసుకుపొమ్మన్నానా తేజస్వీ?"

భాగ్యలక్ష్మి కూతురి వైపు చూసింది. అవునను, చెప్పు, అని కళ్లతోనే అంది. తేజస్వి నేల చూసింది. రేపు ఇంకెక్కడ ఉద్యోగం అడిగినా ఈయన సంతకం కావాలి.

"లేదు సార్" అంది.

సత్తయ్యను పిలిచాడు. "సంచి మోసింది నువ్వేనా?"

"మోసిన సార్. మీరే మోయమంటిరి."

"కింది అంతస్తు దాకా అన్నాను. ఆటో దాకా అన్నానా?"

సత్తయ్య భాగ్యలక్ష్మి చేతిలోని డబ్బా వైపు చూశాడు. "ఏమో సార్, యాదికి లేదు" అన్నాడు.

పార్థసారథి పక్క డిపార్ట్‌మెంటుకు మళ్లీ ఫోను చేసి, బ్యాటరీలు అక్కర్లేదని చెప్పాడు. అనుమతి లేకుండా పరికరాలు బయటికి తీసుకుపోయిన మనిషి చేతికి పక్కవాళ్ల సొత్తు ఎలా ఇస్తానని అడిగాడు. అడిగిన తీరు న్యాయంగానే ఉంది. చెడిపోయిన వాటిని కూడా ల్యాబులో ఉంచవద్దని, తెచ్చిన చోటికే తీసుకుపొమ్మని చెప్పాడు. లేచేటప్పుడు, ప్రసాదం కాదనకూడదని, పులిహోర డబ్బా తీసుకున్నాడు.

ఆటోలో తల్లీకూతుళ్ల మధ్య, ఉబ్బిన బ్యాటరీలు కూరిన ఇసుక డబ్బా ఉంది.

"నిజం చెప్పినా కదే" అంది భాగ్యలక్ష్మి.

"చెప్పావు" అంది తేజస్వి. "నీ పాపం నువ్వు కడుక్కున్నావు. నీళ్లు ఎటు పోయాయో చూడలేదు."

కంది పూత వారంలో రాలిపోయింది. ఆ చేలకు ఆ ఏడు ఫోటోలు లేవు. తెల్ల పలకలు పాతనిచ్చిన రైతులు రెండుసార్లు ఫోను చేశారు, తర్వాత మానేశారు. తేజస్వికి పొడిగింపు రాలేదు. నెలాఖరున గుర్తింపు కార్డు ఇచ్చేసి వచ్చి, దాని ఖాళీ పట్టీని మేకుకు తగిలించింది.

కొన్నాళ్లకు భాగ్యలక్ష్మి తార్నాక సిగ్నలు దగ్గర కూరల బండి ముందు సత్తయ్యను చూసింది. అతను చూడకముందే పక్కకు తప్పుకోవాలనుకుంది. అతనే పిలిచాడు.

"బాగున్నరా అమ్మా? నన్ను హాస్టల్ గేటుకేసిన్రు. గాడ కుర్సీ కూడ లేదు. పర్వాలే, కాళ్లున్నయ్ కదా."

"నీ కోసమే చెప్పినా సత్తయ్యా."

"ఎరికే అమ్మా. మీ మనసు మంచిది." వంకాయ ఒకటి తీసి చూసి మళ్లీ పెట్టాడు. "తిట్లే కదమ్మా. నేను తింటుంటి. పాప నౌకరీ ఉండు, నా కుర్సీ ఉండు. నన్నొక్క మాట అడగకపోతిరి?"

అందులో కోపం లేదు. అది లేకపోవడమే ఆమెకు మింగుడుపడలేదు. నిజానికి అతన్ని మెట్ల దగ్గర చూసింది, మాట్లాడింది. అడగాలని మాత్రం తోచలేదు. కాపాడేటప్పుడు ఎవరైనా అడుగుతారా? పూజ చేసేటప్పుడు ఆ బ్యాటరీలనూ అడగలేదు. కానీ వాటికి ఏం కావాలో కూతురు ముందే చెప్పింది కదా. విన్నది కదా.

ఇంటికి వచ్చేసరికి తేజస్వి బాల్కనీలో కూర్చుని ఉంది. మౌలాలిలో పాత బ్యాటరీలు తీసుకునేవాళ్లు, పూర్తిగా ఖాళీ చేస్తే గానీ తీసుకోబోమన్నారట. ఆ పిల్ల స్కూటరు బల్బు ఒకటి వైరుకు కట్టి, ఉబ్బిన బ్యాటరీకి తగిలించింది. ఇసుకలో కూరిన బ్యాటరీ పక్కన బల్బు పట్టపగలే వెలుగుతోంది.

చెన్నకేశవులు తలుపు దగ్గరి నుంచి చూసి, "ఇంత కాంతి ఉండాదే ఇంకా. పనికొచ్చేదేమో, తొందరపడి పారేస్తాండామేమో" అన్నాడు. ఆ మాట అనేసి లోపలికి వెళ్లాడు.

భాగ్యలక్ష్మి కూతురి పక్కన కూర్చుంది. బ్యాటరీ అతుకులో తడిగుడ్డకు అందని కుంకుమ ఇంకా ఎర్రగా ఉంది.

"ఇంకా ఎంతసేపు?"

"ఆరిపోయేదాకా."

"నేను చూస్తాంటాలే. నువ్వు పోయి అన్నం తిను. ఏం చేయల్లో చెప్పు."

తేజస్వి తల్లి ముఖంలోకి చూసింది. ఇంతకుముందైతే చెప్పేది. ఎక్కడ పట్టుకోవాలో, ఏది తాకకూడదో, వేడెక్కితే ఏం చేయాలో, అన్నీ విడమరిచి చెప్పేది.

"వద్దులే అమ్మా" అంది. "నేనే ఉంటాను."

భాగ్యలక్ష్మి లేవలేదు. దీపాల వేళ అయ్యింది, లోపల గూట్లో కుంది ఖాళీగా ఉంది. ఆ బల్బు కొద్దికొద్దిగా పసుపుబారి, ఎర్రబారి, తీగ మాత్రం కనిపించేంతగా తగ్గి ఆరిపోయేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. తేజస్వి వైరు ఊడదీసి, రెండోదానికి తగిలించింది.